నురగ డబ్బా అలవాటు పడాలి

మణుగూరు,
జూలై మొదటి వారం

వదినా, వందనాలు.

మేమంతా బాగున్నాం. అంటే నేనూ చేపలూ బాగున్నాం. మీ తమ్ముడి సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

ఫోను చేసేదాన్నే. కానీ మీ ఆస్పత్రి దగ్గర సిగ్నలు దొరకాలంటే గుట్ట ఎక్కాలంటారు. పాపం మీరు ఎక్కి చేసినా, ఈయన ఫోను స్పీకరులో పెట్టి వాడకట్టంతటికీ వినిపిస్తారు. మొగుడి మీద చాడీలు స్పీకరులో ఎలా చెప్పేది? అందుకే ఈ కవరు చర్ల బస్సు కండక్టరు హాతీరాం అన్న చేతికి ఇస్తున్నాను.

మా అన్న పెళ్ళికి విశాఖ వెళ్ళినప్పుడు హోటల్లో ఉప్పునీటి చేపల తొట్టి చూసి ఈయన మనసు పారేసుకున్న సంగతి మీకు తెలుసు. మా కాలనీలో తాగే నీళ్ళే ట్యాంకరులో వస్తాయి. ఈయన సముద్రాన్ని తెచ్చి హాల్లో పెట్టారు. అందులో రెండు చేపలు, నారింజ రంగు మీద తెల్ల పట్టీలు. ఒకటి తెల్లారగానే చురుగ్గా తిరుగుతుంది, రెండోది లైటు ఆర్పాక కదులుతుంది. అందుకని ఫస్టు షిఫ్టు, నైటు షిఫ్టు అని పేర్లు పెట్టారు. బొగ్గు గనిలో డంపరు నడిపే మనిషికి ఇంకేం పేర్లు తడతాయి! డ్యూటీ నుంచి రాగానే వాటి ముందు కూర్చుని, "తిన్నరా? మంచిగున్నరా?" అని అడుగుతారు. నన్ను చూస్తే మాత్రం "ఏయ్, చాయ్."

ఇప్పుడు కొత్తగా ఇంకో మిషను వచ్చింది. పొడుగాటి గాజులాంటి గొట్టం, తొట్టి వెనక తగిలించాలి. అందులో మోటరు నీళ్ళల్లో గాలి కలిపి సన్నటి బుడగలు చేస్తుంది. చేపల మలినమూ, మిగిలిన తిండి జిడ్డూ ఆ బుడగలకు అంటుకుని, నురగై పైకెక్కి, పైనున్న గిన్నెలో పడుతుంది. పప్పు ఉడికేటప్పుడు తేలే తెట్టు తీసేస్తాం చూడండి, అదే పని. అసలు పేరు ప్రొటీన్ స్కిమ్మర్. నాకు నోరు తిరగక నురగ డబ్బా అంటున్నాను. పాతది కాలిపోయింది. ఇది లేకపోతే నీళ్ళు పాడై చేపలు బతకవట.

అయితే కొత్త డబ్బా తెచ్చిన రోజే పని చేయదట. దుకాణం అతను ఫోనులో చెప్పాడు, "కొత్త ప్లాస్టిక్కు మీద జిడ్డుంటది సార్. అది పోయి అలవాటు పడాలె. వారమో రెండు వారాలో ఓపిక పట్టండి" అని. మీ తమ్ముడికి ఓపిక పట్టమని చెప్పినవాణ్ణి తలుచుకుంటే జాలేసింది.

కొత్త సామాను కదా అని, ఈయన డ్యూటీకి పోగానే నేను గిన్నెల సబ్బు పెట్టి శుభ్రంగా తోమాను. కొత్త గిన్నె కడగకుండా ఎవరైనా వాడతారా? సాయంత్రం ఈయన తగిలించి స్విచ్చి వేశారు. వదినా, నురగ రావడమా అది! మూత ఎగిరింది, గోడ తెల్లబడింది, ఏసుప్రభువు క్యాలెండరు మీద కూడా మంచు కురిసినట్టు పడింది. ఈయన గంతులేశారు. "చూసినవానే! వారం పడతదన్నడు ఆ దుకాణపోడు!" తర్వాత కొంచెం వేలితో తీసి వాసన చూశారు. "ఏందే, నిమ్మకాయ వాసనొస్తుంది?"

నేను వంటింట్లోకి పోయాను. నీళ్ళు మార్చారు, చేపలు బతికాయి. మా ఇద్దరికీ మాటలు లేవు. దీన్ని మళ్ళీ ఎలా దారిలో పెట్టాలో మీకేమైనా తెలుసా?

మీ మరదలు
బ్లెస్సీ


చర్ల అవతల అడవి నుంచి,
జూలై మధ్యలో

బ్లెస్సీకి,

నీ ఉత్తరం అందింది. వానకు సగం తడిసింది, మిగిలిన సగంతోనే సంగతి అర్థమైంది. ఇద్దరికీ బుద్ధి లేదు. వాడికి ముందు నుంచీ లేదు, నీకు పెళ్ళయ్యాక పోయింది.

ఇక్కడ జ్వరాల కాలం. పొద్దున్నుంచి వరండా నిండా జనమే. మా ఆయా మంగ్లికి నీ ఉత్తరం చదివి వినిపిస్తే పొట్ట పట్టుకుని నవ్వింది. "సముద్రం ఇంట్ల పెట్టుకునుడేందమ్మా, ఊళ్ళ వాగు లేదా?" అని అడిగింది.

నురగ డబ్బా గురించి నాకేం తెలుసు? సూది వెయ్యమంటే వేస్తాను. కానీ మా ఆస్పత్రిలో ఒకాయన ఉన్నాడు. ఆయన్నడిగాను. వెనిగర్ కలిపిన నీళ్ళలో ఆ గొట్టాన్ని ఒక పూట నడిపించి, తర్వాత మంచినీళ్ళతో కడిగితే సబ్బు పోతుందన్నాడు. ఇక మీదట దాన్ని సబ్బుతో తాకవద్దన్నాడు. కొత్త గిన్నె కడగాలనుకోవడంలో నీ తప్పేం లేదని కూడా అన్నాడు. ఆ మాట రాయమన్నాడు కాబట్టి రాస్తున్నాను.

వాడికి వేళకు అన్నం పెట్టు. మాటల్లేకపోతే పళ్ళెం చప్పుడు చేసి పెట్టు.

మీ వదిన
విశ్రాంతమ్మ


మణుగూరు,
జూలై చివర

వదినా,

వెనిగర్ వైద్యం చేశాం. సబ్బు పోయింది. దాంతోపాటు నురగ కూడా పోయింది! డబ్బాలో నీళ్ళు గిర్రున తిరుగుతున్నాయి, బుడగలు పైకి వస్తున్నాయి, గిన్నె అడుగున మాత్రం చుక్క లేదు. ఈయన దాని ముందు పీట వేసుకుని కూర్చుంటున్నారు. అప్పుడప్పుడూ చిటికె వేస్తున్నారు, పసిపిల్లను నవ్వించినట్టు.

"అలవాటు పడాలన్నడు కదా, పడనీయండి" అన్నాను.

"దానికి తెలుస్తలేదే. మనం చెప్పాలె" అన్నారు.

పక్కింటి సమ్మక్క వచ్చి చూసి, ఇంట్లోకి కొత్త వస్తువు వచ్చినప్పుడు దిష్టి తియ్యకపోతే ఇంతేనని చెప్పింది. మేము అలాంటివి చెయ్యమని చెప్పాను. అయితే ప్రార్థనైనా చెయ్యమంది. చేశాను వదినా, నిజంగానే చేశాను. నురగ కోసం ప్రార్థన చేసినవాళ్ళు మన సంఘంలో ఇంకెవరూ ఉండరు.

నవ్వులాటకు రాస్తున్నాను గానీ, నీళ్ళు మసకబారుతున్నాయి. నైటు షిఫ్టు రెండు రోజులుగా తిండి ముట్టలేదు. రాయి పక్కన చేరి కదలడం లేదు. చేప తినలేదని ఈయన తినలేదు. ఈయన తినలేదని నేను తినలేదు. ఇంట్లో కడుపునిండా తింటున్నది ఆ డబ్బా ఒక్కటే, కరెంటు. నిన్న ఈయన కళ్ళల్లో నీళ్ళు చూశాను. ఈ తొట్టిని ఎత్తి బయట పారేస్తానని రోజూ అనుకునేదాన్ని. నిన్నటి నుంచి అనుకోవడం మానేశాను.

మీ ఆస్పత్రిలో ఆ ఒకాయన్ని మళ్ళీ అడగండి. ఇంతకీ ఎవరాయన? డాక్టరా? ఆయనకు డబ్బా గురించి ఎలా తెలుసు?

మీ బ్లెస్సీ


చర్ల అవతల నుంచి,
ఆగస్టు

బ్లెస్సీకి,

అడిగాను. డబ్బా పక్కన తిప్పే బిళ్ళ ఉంటుందట, నీళ్ళ మట్టం పెంచడానికి. దాన్ని మొత్తం పైకి తిప్పండి, నురగ ఎందుకు రాదో చూద్దాం అన్నాడు.

ఆయన పేరు జకర్యా. మా ల్యాబు టెక్నీషియను, మలేరియా స్లైడ్లు చూస్తాడు. సొంతూరు దమ్మపేట. ఇక్కడికి రాకముందు సముద్రపు ఒడ్డున రొయ్య పిల్లలు పెంచేచోట కొన్నాళ్ళు పని చేశాడు. అక్కడ ఇలాంటి గొట్టాలే ఇంటి ఎత్తువి ఉండేవట. మనిషి సన్నగా పొడుగ్గా ఉంటాడు. నెమ్మదస్తుడు. వానలో నడిచేటప్పుడు గొడుగు తనకు పట్టుకోడు, స్లైడ్ల పెట్టెకు పట్టి తను తడుస్తాడు. టీలో చక్కెర వేసుకోడు. ఇదంతా నీకెందుకు రాస్తున్నానో నాకే తెలియదు. వాన పడుతోంది, పేషెంట్లు లేరు, అందుకని కాబోలు.

బిళ్ళ మొత్తం పైకి. మరిచిపోకు.

విశ్రాంతమ్మ


మణుగూరు,
ఆగస్టు, శనివారం

వదినా,

మరిచిపోలేదు. అదే కొంప ముంచింది.

నిన్న శుక్రవారం, మా ఇంట్లో స్త్రీల ప్రార్థన కూడిక. ఈయన సెకండు షిఫ్టు. మీ ఉత్తరం మధ్యాహ్నం అందింది. ఈయన వచ్చేసరికి నురగ చూపించి ఆశ్చర్యపరుద్దామని, బిళ్ళను మొత్తం పైకి తిప్పి, అందరికీ చాపలు పరిచాను. పాస్టరు అయ్యగారి భార్య వాక్యం చెబుతున్నారు. నోవహు ఓడ, లోకమంతా మునిగిన జలప్రళయం సంగతి. నా మీద ఒట్టు, ఆవిడ ఎంచుకున్నదే ఆ వాక్యం.

"నీళ్ళు వచ్చినవి" అన్నారు ఆవిడ.

"అవ్, వచ్చినయి!" అని వెనక నుంచి సమ్మక్క అరిచింది. ప్రార్థనకు కాదు, పులుసులోకి కరివేపాకు అడగడానికి వచ్చి గుమ్మంలో నిలబడింది.

చూస్తే గిన్నె పొంగి, తొట్టిలో నీళ్ళు సగం దాకా నేల మీదే ఉన్నాయి. చాపలు తడిశాయి, పాటల పుస్తకాలు తడిశాయి. గుమ్మం దగ్గర చెప్పులు ఒకదాని వెంట ఒకటి మెట్లు దిగి రోడ్డు మీదకు పోతున్నాయి. సమ్మక్క వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, "ఉప్పగున్నదే! మణుగూర్ల సముద్రం పడ్డదే!" అని కేక పెట్టింది. వాడకట్టంతా వచ్చింది. వచ్చినవాళ్ళంతా రుచి చూశారు. వద్దని ఎంత మొత్తుకున్నా వినలేదు.

నేను స్విచ్చి తీసి, విడిగా కలిపి పెట్టుకున్న ఉప్పునీళ్ళన్నీ తొట్టిలో పోశాను. చేపలు బతికాయి గానీ రెండూ రాయి వెనక చేరి బిక్కుబిక్కుమంటున్నాయి.

ఈయన వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఎవడే నీకు చెప్పింది తిప్పుమని?"

"పేపర్ల చదివిన."

"ఏ పేపరే? గా రాసినోడు దొరకాలె. డంపరు కింద పెట్టి తొక్కిస్త!"

వదినా, ఇప్పుడు అసలు సంగతి. టీలో చక్కెర సంగతి మీరెందుకు రాశారో మీకు తెలియకపోయినా నాకు తెలిసింది. నేనూ ఒకప్పుడు మీ తమ్ముడు లుంగీ ఎలా కట్టుకుంటారో మా అమ్మకు రెండు పేజీలు రాశాను.

నాకు సంతోషమే. అన్నయ్యగారు పోయి ఇన్నేళ్ళయింది, ఒంటరిగా ఎంతకాలం ఉంటారు? కానీ మీ తమ్ముడి సంగతి మీకు తెలుసు కదా. అమ్మ పోయాక తనను పెంచింది మీరేనని, మీకు తగినవాడు ఇంకా పుట్టలేదని ఆయన నమ్మకం. మొదటి సంబంధానికి వచ్చినాయన భోజనం చేస్తూ ఫోను చూశాడని పంపించేశారు. రెండో ఆయన తుమ్మితే మన గోడ అదిరిందట. ఇక ఇంట్లోకి సముద్రాన్ని వదిలినవాడంటే ఏమంటారో ఊహించుకోండి.

నిజం రాయండి.

బ్లెస్సీ


చర్ల అవతల నుంచి,
ఆగస్టు

బ్లెస్సీ,

నిజమే.

పోయిన నెల అడిగాడు. తమ్ముడు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే అన్నాను. వాణ్ణి నొప్పించి నేను పెళ్ళి చీర కట్టుకోలేను. వాడికి ఎలా చెప్పాలో ఆలోచిస్తుండగానే ఈ వరద వచ్చింది.

నీ ఉత్తరం చదివి వినిపించాను. చెప్పులు రోడ్డెక్కిన దగ్గర నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం నవ్వలేదు. ముఖం పాలిపోయింది. "రొయ్యల దగ్గర పెద్ద గొట్టం లెక్క చెప్పిన. చిన్నదానికి అట్ల చెప్పకూడదు. నేనే పోయి సరిచేస్త" అన్నాడు. వద్దన్నాను. మా తమ్ముడు డంపరు గురించి అన్న మాట కూడా చెప్పాను. "తొక్కితే తొక్కనీయండి, చేపలు చస్తే ఎట్ల?" అన్నాడు.

ఆదివారం వస్తున్నాడు. నాకు ఇద్దరు కాన్పుల వాళ్ళున్నారు, కదలలేను. ఎవరని చెబుతావో ఏం చేస్తావో నీ ఇష్టం. నాకు ఇక్కడ చేతులు ఆడటం లేదు. ఇందాక ఒక పేషెంటుకు వెయ్యాల్సిన కట్టు పక్కనున్న వాళ్ళ అన్నకు వేశాను.

విశ్రాంతమ్మ


మణుగూరు,
సోమవారం

వదినా,

కూర్చుని చదవండి.

జకర్యా గారు మధ్యాహ్నానికి వచ్చారు. నిలువునా తడిసి ఉన్నారు. ఒక చేతిలో స్పాంజి, ఇంకో చేతిలో మన చర్చి వాళ్ళ చెప్పు ఒకటి. కాలనీ మలుపులో దొరికిందట. మిషను సంగతి తెలిసిన మనిషి, నేనే పిలిపించానని మీ తమ్ముడికి చెప్పాను.

ఇద్దరూ డబ్బా ముందు కూర్చున్నారు. జకర్యా గారు బిళ్ళను కొంచెం కిందికి తిప్పారు. మీ తమ్ముడు కొంచెం పైకి తిప్పారు. ఆయన కిందికి. ఈయన పైకి. "కొంచెం ఆగండి" అని ఆయన, "మీరే ఆగండి" అని ఈయన. చూసి చూసి నాకు ఒళ్ళు మండింది. బిళ్ళను మధ్యలో పెట్టి, చుట్టూ ప్లాస్టరు చుట్టేశాను. "దీనికి కావాల్సింది అలవాటు పడేంత సేపు. ముట్టుకున్నోళ్ళకు అన్నం లేదు" అన్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు ఇద్దరూ, బడిలో పిల్లల్లాగా.

చేతులకు పని లేకపోయేసరికి నోళ్ళు తెరుచుకున్నాయి. ఈయన సముద్రం గురించి అడిగారు. ఆయన చెప్పారు: రొయ్య పిల్లలు వెంట్రుక ముక్కల్లా ఉంటాయని, దీపం పెడితే అన్నీ దీపం వైపే తిరుగుతాయని. ఈయన నోరు తెరుచుకుని విన్నారు. చేపల పేర్లు చెప్పారు. జకర్యా గారు నవ్వలేదు వదినా! తొట్టి దగ్గరికి వంగి, "నైటు షిఫ్టు గారూ, తిన్నరా?" అని అడిగారు. నాకు చేతిలో గరిటె జారింది. వీళ్ళిద్దరిలో ఎవర్ని ఎవరు కన్నారో అనిపించింది.

అంతా బాగుందనుకుంటుండగా ఆ మనిషి తన తప్పు ఒప్పేసుకున్నారు. "మీకొక మాట చెప్పాలె. ఆ బిళ్ళ మొత్తం తిప్పుమని చెప్పింది నేనే."

మీ తమ్ముడు లేచి నిలబడ్డారు. నేను గుమ్మానికి అడ్డంగా వచ్చాను, ఆయన పారిపోవడానికో ఈయన డంపరు తేవడానికో దారి లేకుండా. మోటరు ఒక్కటే గురగురమంటోంది.

"గీ మాట చెప్పనీకి గింత వానల వచ్చిండ్రా?" అన్నారు మీ తమ్ముడు.

"చేపలు ఎట్లున్నయో చూద్దామని కూడా" అన్నారు ఆయన.

మీ తమ్ముడు ఆయన ముఖంలోకి చూశారు. "మా బొగ్గు బాయి కాడ ఇంజను పాడుచేసినోడు ఎన్నడు నేనే చేసిన అని చెప్పలే. వానపామంత తప్పు చేసినోడు కూడ ఎదుటోని మీద తోస్తడు." అని మళ్ళీ కూర్చున్నారు. "ఏయ్, చాయ్" అన్నారు. తర్వాత నా వైపు చూసి, "ఇద్దరికి. ఈయనకు తువ్వాల గూడ తే. పాపం తడిసిండు."

చక్కెర వెయ్యకుండా ఇచ్చాను. అది ఎలా తెలుసనీ, పేపర్లో చదివానన్న నా మాట ఏమైందనీ మీ తమ్ముడు అడగలేదు. డబ్బా వైపే చూస్తున్నారు కదా.

సాయంత్రం బస్సుకు పోతానంటే పోనివ్వలేదు. ఇవాళ పొద్దున నేను లేచేసరికి ఇద్దరూ గొట్టం మీద తలలు ఆనించి ఉన్నారు. గొట్టం మెడ దాకా నురగ, టీ రంగులో చిక్కగా! చూస్తుండగానే గిన్నెలోకి ఒక్క ముద్ద పడింది. ఇద్దరూ వేలు పెట్టి వాసన చూశారు. వదినా, వారం రోజులు ఎండిన చేపల గంప మీద కోడిగుడ్డు కుళ్ళినట్టుంది. సమ్మక్క వాళ్ళింట్లో తలుపులు మూసుకున్నారు. వీళ్ళిద్దరూ మాత్రం అత్తరు చూసినట్టు కళ్ళు మూసుకుని, "అబ్బ!" అన్నారు.

మీ బ్లెస్సీ


మణుగూరు,
సెప్టెంబరు

వదినా,

నీళ్ళు అద్దంలా ఉన్నాయి. నైటు షిఫ్టు తింటోంది, ఈయన తింటున్నారు, నేను రెండు కిలోలు పెరిగాను.

ఇప్పుడు అత్యవసరంగా రాస్తున్నది వేరే సంగతి. నిన్న ఈయన తలుపు దగ్గరికి వేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మెల్లగా చెప్పారు.

"నాకొక ఆలోచన వచ్చింది. నువ్వు పరేషాన్ గాకు. జకర్యాకు పెండ్లి గాలేదట. మంచి మనిషి. తుమ్మితే చప్పుడు గూడ రాదు, నేను చూసిన. మన అక్క పని చేసే దవాఖానలనే ఉంటడు. ఎన్నడన్న చూసే ఉంటది. ఏమంటవ్?"

నేను నోట్లో చీర కొంగు కుక్కుకున్నాను. అది ఏడుపనుకున్నారు. "ఏడవకే. అక్క కాదంటదేమో, గట్టి మనిషి గద. నేను పోయి కాళ్ళు పట్టుకునైనా ఒప్పిస్త. అందాక అక్కకు ఒక్క మాట చెప్పకు" అన్నారు.

అందుకని మీకు నేను ఏమీ చెప్పలేదు. వచ్చే ఆదివారం బస్సుకు వస్తున్నారు. ఇంత గొప్ప ఆలోచన భూమ్మీద ఎవరికీ తట్టలేదని ఆయన నమ్మకం. పాడు చెయ్యకండి.

బ్లెస్సీ


చర్ల అవతల నుంచి,
సెప్టెంబరు

బ్లెస్సీకి,

నువ్వు చెప్పనిది నాకు అందింది.

రానీ. వాడి సంతోషం వాడికి ఉండనీ. ఇలాంటి సంగతి వినగానే ఒప్పేసుకుంటే బాగుండదు కాబట్టి మూడుసార్లు వద్దంటాను, నాలుగోసారి తలవంచుకుంటాను అని అనుకున్నాను. జకర్యా గారు కూడా ఆశ్చర్యపోవాలి కదా. అందుకని రోజూ సాయంత్రం ల్యాబులో నేర్పిస్తున్నాను. మంగ్లి మా తమ్ముడి వేషం వేస్తోంది. మీసాలు కూడా దిద్దుకుంది.

ఆయనకు అబద్ధం చేతకాదు. "మా అక్కను చేసుకుంటవా?" అని మంగ్లి అడగ్గానే, "ఎవరు? ఏ అక్క?" అనాల్సిన మనిషి, "అవ్" అనేస్తున్నాడు. అడగకముందే అనేస్తున్నాడు. అదైనా సర్దుకోవచ్చు. నిన్న నా వంతు వచ్చింది. నేను ముఖం తిప్పుకుని గట్టిగా, "వద్దు తమ్ముడూ, నాకిప్పుడు పెళ్ళేమిటి?" అన్నాను. బాగా వచ్చిందని మంగ్లి చప్పట్లు కొట్టింది. తిరిగి చూస్తే ఈ మనిషి కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఉత్తుత్తినే అన్నానని ఎంత చెప్పినా సరిగా అన్నం తినలేదు.

అందుకని మూడుసార్లు అనుకున్నది ఒక్కసారికి తగ్గించాను. అది కూడా మెల్లగా అంటాను.

మీ వదిన
విశ్రాంతమ్మ